జొన్న రొట్టెల సీమలో గోధుమ లేని యాత్ర: సాగర్, మన్ననూరు, పాలమూరు, అలంపురం

సీలియాక్ అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్న పేగు దెబ్బతినే జబ్బు. అది ఉన్నవాళ్ళకు నల్లగొండ, పాలమూరు వైపు యాత్ర అనుకున్నంత కష్టం కాదు. ఇక్కడి ఇంటి తిండి అన్నం, జొన్న రొట్టె, పప్పుచారు, పచ్చిపులుసు, తొక్కు. వీటిలో దేనికీ గోధుమతో పనిలేదు. చిక్కల్లా పిండి పట్టే గిర్నీలో, రొట్టె కాల్చే పెంకలో, ఇంగువ డబ్బాలో ఉంది. అందుకే ఈ రాతలో ఊళ్ళనూ బసలనూ చూపుకి ఎంత బాగున్నాయని కాకుండా, అక్కడ ఎవరు, దేంట్లో, దేనితో వండుతున్నారని తూచాం.

ముందు లెక్క తెలియాలి. గ్లూటెన్ రహితం అని ముద్ర వేయాలంటే కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఒక్క గ్రాము మైదాలోనే సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజు మొత్తంలో 10 మిల్లీగ్రాముల లోపు చాలామంది పేగు తట్టుకుంటుందని వైద్యుల అంచనా. అంటే పీటపై చల్లిన చిటికెడు పిండి కూడా లెక్కలోకి వస్తుంది. తిన్నాక కడుపు నొప్పి రాలేదు కదా అని ధైర్యపడకూడదు. కొందరికి బయటికి ఏమీ తెలియకుండానే చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. గ్లూటెన్ అంటే హోటల్ వంటమనిషికి తెలియదు. పథ్యం అంటే వెంటనే అర్థమవుతుంది, కానీ పథ్యంలో కొంచెం అయితే ఏం కాదనే అలవాటు మనది. కాబట్టి "అన్నా, గోధుమపిండి, మైదా, రవ్వ పడదు. కొంచెం కూడ పడదు, తింటే పానం ఖరాబైతది" అని పూర్తిగా చెప్పాలి. ఇంకో మెలకువ: "గోధుమపిండి కలపరు కదా?" అని అడిగితే వచ్చినవాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని "లేదు" అనేస్తారు. "అక్కా, పిండిల ఏమేమి కలుపుతరు?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

ఇక జొన్న రొట్టె. సాయంత్రం పూట పాలమూరులోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ రోడ్డు పక్కన అక్కలు పొయ్యి పెట్టుకుని కాలుస్తుంటారు. ఈ యాత్రలో అన్నిటికంటే నమ్మదగిన తిండీ, అన్నిటికంటే మోసపోయే తిండీ ఇదే. జొన్నపిండిలో సాగే గుణం లేదు. అందుకే గ్లాసు పిండికి గ్లాసు మరిగిన నీళ్ళు పోసి, ఐదు నిమిషాలు మూతపెట్టి, వేడి మీదే పిసికి, చేత్తో తడతారు. పిండి పట్టించి చాలా రోజులైతే జిగురు తగ్గి రొట్టె అంచులు పగులుతాయి. పగలకుండా ఉండాలని కొందరు గుప్పెడు గోధుమపిండి కలుపుతారు. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. అచ్చమైన జొన్న రొట్టె చల్లారితే గట్టిపడి, మడిస్తే విరుగుతుంది. చల్లారాక కూడా చపాతీలా మెత్తగా చుట్టుకుంటుంటే అనుమానించాలి. విరిగినంత మాత్రాన కల్తీ లేదని రూఢి కాదు, చుట్టుకుంటే మాత్రం వదిలేయడమే మేలు. పీటపై చల్లే పొడిపిండి ఏదో చూడాలి. అదే పెంకపై చపాతీలు కూడా కాలుస్తుంటే, రొట్టెకు తడి అద్దే గుడ్డ రెండింటికీ ఒకటే అయితే, పిండి ఎంత మంచిదైనా లాభం లేదు. జొన్న రొట్టెలు తప్ప మరేదీ చేయని బండి దొరికితే దాన్నే పట్టుకోవాలి.

అంతా బాగున్నా గిర్ని ఒకటి మిగులుతుంది. ఊరి గిర్నీలో అదే రాళ్ళ మధ్య గోధుమలు, జొన్నలు, శనగపప్పు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. గోధుమల తర్వాత పట్టిన జొన్నల్లో మొదట వచ్చే పిండిలో గోధుమపిండి ఎక్కువగా కలుస్తుంది. ముందుగా రెండు కిలోల బియ్యం పట్టించి తీసేసినా కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్క లోపలికి వస్తుందన్న భరోసా లేదు. దీనికి మా సలహా ఒక్కటే: జొన్నలు ఇంట్లో ఏరి, కడిగి, ఎండబెట్టి, గోధుమ తగలని మిక్సీలో పట్టి, జల్లించి వెంట తీసుకెళ్ళడం. జల్లెడ కూడా వేరేది ఉండాలి, గోధుమపిండి జల్లించిన దాని కన్నాల్లో పిండి ఎప్పుడూ ఉంటుంది. ఒక రొట్టెకు 60 నుంచి 70 గ్రాముల పిండి పడుతుంది. పూటకు రెండు, రోజుకు రెండు పూటలంటే మనిషికి సుమారు పావుకిలో. ఇద్దరికి మూడు రోజులకు కిలోన్నర. దానితో పాటు చిన్న పెంక, స్టీలు అట్లకాడ, లీటరు రైస్ కుక్కర్, ఒక స్టీలు పళ్ళెం. చెక్క పీట వద్దు, అది పాతదైతే పగుళ్ళలో పిండి దాచుకుంటుంది.

బస విషయంలో పెద్ద హోటల్ అంటే భద్రం అనుకుంటారు. మా అంచనా వేరు. పది మంది వంటవాళ్ళున్న చోట పొద్దున మీరు చెప్పిన మాట మధ్యాహ్నం మారిన మనిషికి చేరదు. ఒక్కరే వండే మెస్సులో చెప్పిన మాట నిలుస్తుంది, పెంక మీ ముందే కడిగిస్తారు. బుక్ చేసేముందు మూడు అడగాలి: గదిలో కుక్కర్ పెట్టుకోనిస్తారా, వంటింట్లో ఒక పొయ్యి పది నిమిషాలు ఇస్తారా, టిఫిన్ బఫేనా లేక అడిగింది చేసిస్తారా. బఫే అయితే ఉప్మా గరిటె చట్నీలోకి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. వడ్డన మొదలయ్యే సమయానికే వెళ్ళి, మీ పళ్ళెంలోకి వంటింటి గిన్నె నుంచే పెట్టించుకోవాలి.

నాగార్జునసాగర్ హైదరాబాద్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. మాల్, మల్లేపల్లి మీదుగా వచ్చే దారిలో ఉదయం ఇడ్లీ ఒక్కటే చెప్పుకోదగ్గ టిఫిన్. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఆవిరి మీద ఉడుకుతుంది, పెంక తగలదు. దోశకు కరకరలాడాలని మైదానో బొంబాయి రవ్వో కలుపుతుంటారు, పైగా రవ్వ దోశ కూడా అదే పెంకపై పోస్తారు. మైసూర్ బజ్జి పూర్తిగా మైదా, అది వేగిన నూనెలోనే మిర్చి బజ్జీ, వడ వేగుతాయి. శనగపిండిదే కదా అని మిర్చి బజ్జీ తినకండి. సాగర్‌లో పర్యాటకశాఖ విజయ్ విహార్‌తో పాటు ప్రైవేటు బసలూ ఉన్నాయి. ఎక్కడ దిగినా నాగార్జునకొండకు లాంచీ ఎక్కే రోజు తిండి మూట కట్టుకునే వెళ్ళాలి. పోయి, మ్యూజియం చూసి, తిరిగి వచ్చేసరికి సగం రోజు పోతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకోండి. రొట్టె, వేయించిన పల్లీల పొడి, అరటిపండ్లు, నల్లగొండ బత్తాయిలు ఉంటే ఆ పూట నిశ్చింత. సాగర్‌లోని బౌద్ధ పార్కు బుద్ధవనం చూడటం మాత్రం రెండు భోజనాల మధ్య అయిపోతుంది.

విజయవాడ రోడ్డుపై చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట దగ్గర ఆగేవాళ్ళకు బిర్యానీ గురించి ఒక మాట. దమ్ కోసం హండీ మూతకు మైదా ముద్ద చుట్టి మూసే అలవాటు ఉంది, మూత తీసేటప్పుడు ఆ ముక్కలు అంచున అన్నంలో పడతాయి. కరకరలాడే ఉల్లిపాయకు పిండి అద్దే చోట్లున్నాయి. చికెన్ 65లో మైదా, సోయా సాస్‌లో గోధుమ ఉండటం మామూలు. హలీం అయితే గోధుమలతోనే వండుతారు, దాని దరిదాపులకు వెళ్ళొద్దు. తెల్లన్నం, ఉడికించిన గుడ్లు, పెరుగు దొరికితే చాలు. సీలియాక్ కొత్తగా బయటపడ్డవాళ్ళకు మాత్రం పాలు, పెరుగు కొన్నాళ్ళు పడకపోవచ్చు, పేగు మానేకొద్దీ సర్దుకుంటుంది.

శ్రీశైలం దారిలో మన్ననూరు అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. గేటు దగ్గర ఇరుక్కుంటే అక్కడున్న తిండే గతి, అందుకని సాయంత్రానికే దాటేలా చూసుకోవాలి, లేదా మన్ననూరులోనే రాత్రి ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సఫారీలో బసతో పాటు భోజనం కలిపి ఇచ్చే ఏర్పాటు తీసుకుంటే గోధుమ సంగతి బుక్ చేసినప్పుడే చెప్పాలి. అందరికీ కలిపి వండే చోట చివరి నిమిషంలో వేరే గిన్నె పెట్టించలేం. ఉమామహేశ్వరం, ఫరహాబాద్, మల్లెలతీర్థం తిరిగే రోజు అటుకులు, పుట్నాలు, నల్లమల తేనె మంచి తోడు. అటుకులు విడిగా అమ్మేవి కాకుండా మూసిన ప్యాకెట్ కొనండి, కిరాణా కొట్టులో ఒకే డబ్బా గరిటె గోధుమ రవ్వలోకీ వెళ్తుంది. ఈ దారిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పక ఉండాలి. పొరపాటున గోధుమ లోపలికి పోతే దాన్ని విరిచే మందు లేదు. విరేచనాలైతే నీళ్ళు, లవణాలు పోకుండా చూడటమే పని. పిల్లలు త్వరగా నీరసిస్తారు, మూత్రం తగ్గినా మగతగా ఉన్నా అడవి దాటేవరకు ఆగకుండా అచ్చంపేట వైపు మళ్ళాలి.

మొత్తం యాత్రలో మాకు ఎక్కువ నచ్చే భాగం పాలమూరు నుంచి అలంపురం. పిల్లలమర్రి పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరమే. జూరాల ప్రాజెక్టు దగ్గర చేపల వేపుడు బండ్లకు పేరుంది. అక్కడ నూనెలో చేపలు తప్ప మరేదీ వేగడం లేదంటే అది బజ్జీల బండి కంటే ఎంతో నయం. చేపకు పట్టించే మసాలాలో మైదా ఉందా, కార్న్‌ఫ్లోరా, శనగపిండా అని మాత్రం అడగాలి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం మాత్రమే పట్టించి వేయించమంటే చేసిస్తారు. గద్వాల, అలంపురం వైపు పొద్దున ఉగ్గాణి దొరుకుతుంది: నానబెట్టిన బొరుగులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన పుట్నాల పొడి. దానితో ఇచ్చే బజ్జీ వద్దని ముందే చెప్పండి, పక్కన పెట్టినా ముట్టిందే. రాగి అంబలి మంచిదే, డబ్బాలో వచ్చే మాల్ట్ పొడులు వేరు. మాల్ట్ అంటే చాలాసార్లు బార్లీ. సీజన్‌లో వెళ్తే బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి ఉన్నాయి. వీటికి లేబుల్ చదివే పని కూడా లేదు.

ప్రసాదాల దగ్గర మనసు గట్టి చేసుకోవాలి. పులిహోర బియ్యమే, పోపులో ఇంగువ మాత్రం బియ్యం కాదు. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కాబట్టి అమ్మేదాంట్లో జిగురూ పిండీ కలుపుతారు. ఆ పిండి ఎక్కువగా మైదా, పొడి ఇంగువైనా ముద్ద ఇంగువైనా ఇదే తంతు. బియ్యప్పిండితో చేసినవి కూడా దొరుకుతాయి, డబ్బాపై చదివి ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అన్నదానంలో సాంబారు, రసం, దద్దోజనానికీ ఇదే జాగ్రత్త. చక్కెర పొంగలిలో బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి తప్ప పోపు లేదు, అది ఎంతో మేలు. దర్గాల దగ్గర ఇచ్చే మలీదలో గోధుమ రొట్టే ఉంటుంది. అలంపురం జోగులాంబ గుడిలోనైనా, యాదగిరిగుట్టపైనైనా తీర్థం, కొబ్బరి, అరటిపండు, పటికబెల్లం తీసుకోవచ్చు. పులిహోర చేతిలో పెడితే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకివ్వండి, ఆ తర్వాత చేయి కడుక్కున్నాకే మీ రొట్టె మూట విప్పండి.