నల్లకోట్లు రంగు మారిన రోజు: పాత పాకెట్ కెమెరాతో ఎనిమిదేళ్లు

2017లో హైదరాబాద్‌లో ఒక సినిమా అసిస్టెంట్ దగ్గర ఈ బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరాను సెకండ్‌హ్యాండ్‌లో 36 వేలకు కొన్నాను. తర్వాత వచ్చిన 4కె డబ్బా కాదు, 2013 నాటి మొదటిది, లెన్స్ తీసేస్తే లాల్చీ జేబులో పట్టేది. స్పెక్స్ ఎక్కడైనా దొరుకుతాయి. బ్యాటరీ ఎంత తొందరగా అయిపోతుందో దీని గురించి విన్న ప్రతివాడికీ తెలుసు. నేను ఎనిమిది బ్యాటరీలు పెట్టుకుని తిరుగుతాను, ఆ గోల అక్కడితో సరి. ఇక్కడ రాయాలనుకున్నది ఒకే ఒక్క రంగు గురించి. నలుపు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. కొన్న ఏడాదే సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి తీసుకెళ్లాను. సెన్సర్ సైజు దాదాపు సూపర్ 16 అనే ఫిల్ము ఫ్రేమంత కాబట్టి, మా మేనమామ దగ్గర పడి ఉన్న పాత 16 ఎంఎం కెమెరా లెన్స్‌ను అడాప్టర్‌తో తగిలించాను. 25 ఎంఎం, గుప్పిట్లో పట్టేంత. వెనక ఇంకా వెలుగున్న ఆకాశం, ముందు తంగేడు పసుపు, దాని మీద తెల్ల గునుగు, పైన వెలిగించిన దీపం. నా పాత వీడియో కెమెరాలో అయితే ఆ గునుగు ఉత్త తెల్ల సున్నంలా పోయేది. ఇందులో ఒక్కో కంకి విడివిడిగా కనబడింది. దీపం చుట్టూ పసుపు మెల్లగా ఎర్రగా మారుతూ చీకట్లో కలిసింది. ఇంటికొచ్చి ఆ క్లిప్ మా ఆవిడకు నాలుగుసార్లు చూపించాను. నాలుగోసారి ఆమె చూడలేదు.

ఆ క్లిప్ సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య తీసినది. ఆ మాట అప్పట్లో ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. పూర్తిగా చీకటి పడ్డాక ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే కొలతను, 1600కు పెంచి తీసినవి గరుకుగా, బియ్యప్పిండి చల్లినట్టు వచ్చాయి. వాటిని ఎవరికీ చూపించలేదు.

ఇక నలుపు సంగతి.

2019 ఫిబ్రవరిలో హన్మకొండలో ఒక సీనియర్ వకీలు సారుకు వృత్తిలో 40 ఏళ్లు నిండాయి. జూనియర్లంతా కలిసి సన్మానం పెట్టుకున్నారు, అందులో వేయడానికి పదిహేను నిమిషాల వీడియో కావాలన్నారు. నాకు పెళ్లిళ్ల మధ్య దొరికిన సిసలైన పని. సినిమాలా తీస్తానని గొప్పలు పోయాను. సారు ఇంటి ముందు వేపచెట్టు, దాని కింద సారు కుర్చీలో, వెనక పదకొండు మంది జూనియర్లు నల్లకోట్లు, మెడకు తెల్ల బ్యాండ్లు వేసుకుని. టైమ్ పదకొండున్నర. ఎండ చెట్టు దాటి సగం మంది మీద పడుతోంది. వెనక స్క్రీన్ ఎండలో ఎంత కనబడాలో అంతే కనబడింది. ఫోకస్ చూసుకున్నాను, ఎక్స్‌పోజర్ చూసుకున్నాను, కానిచ్చాను. ఆ ఇంట్లో బిర్యానీ కూడా తిని వచ్చాను.

రాత్రి కంప్యూటర్లో పెట్టి చూస్తే కళ్లు నులుముకున్నాను. ఎడమ నుంచి మొదటాయన కోటు కాఫీ పొడి రంగు. పక్కాయనది వంకాయ. ఆ పక్కన ఇద్దరివి ఎండిన ఇటుక. ఒకాయన కోటుకైతే ఒళ్లంతా ఒక రంగు, జేబు మీది మూత ఇంకో రంగు. కుట్టేటప్పుడు గుడ్డ చాలక టైలర్ వేరే ముక్క వేసినట్టున్నాడు, ఆ సంగతి కోటు వేసుకున్నాయనకు కూడా తెలిసి ఉండదు. వేపాకులు పచ్చగా లేవు, వడలినట్టు పాలిపోయి ఉన్నాయి. మొత్తం ఫ్రేములో నల్లగా ఉన్నది సారు కోటు ఒక్కటే. ఎప్పుడో కుట్టించిన పాత గుడ్డ అది, ఏం అద్దకమో మరి.

తెల్లారి సారుకే చూపించాల్సి వచ్చింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా చూసి, "ఏమయ్యా, మేం వకీళ్లమా, బస్ కండక్టర్లమా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఈ కెమెరా మంచిగా పనిచేసేది 800 ఐఎస్ఓ దగ్గర. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. నడి ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర పెట్టాలంటే ఏడు స్టాప్‌ల వెలుగు కోయాలి. ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది, అంటే వచ్చే వెలుగులో 128వ వంతే లోపలికి పోనివ్వాలి. అందుకు నేను లెన్స్ ముందు తిప్పింది ఒక చవక వేరియబుల్ ఎన్డీ. ఎన్డీ అంటే వెలుగు తగ్గించే నల్లద్దం ఫిల్టర్, వేరియబుల్ అంటే ఎంత తగ్గాలో తిప్పి మార్చుకునేది. మామూలు ఎన్డీ కంటికి కనబడే వెలుగును కోస్తుంది గానీ, 700 నానోమీటర్లు దాటిన పరారుణాన్ని (ఇన్‌ఫ్రారెడ్) చాలావరకు వదిలేస్తుంది. వేరియబుల్ రకం మరీ అన్యాయం. అది రెండు పోలరైజర్లను ఒకదాని మీద ఒకటి తిప్పి వెలుగును ఆపుతుంది. పరారుణం దగ్గరికి వచ్చేసరికి ఆ పోలరైజర్లు పనిచేయవు. సిలికాన్ సెన్సర్‌కేమో మన కంటికి కనబడని ఆ కాంతి బాగా కనబడుతుంది. ఎన్డీ లేనప్పుడు అసలు వెలుగు ముందు అది లెక్కలోకి రాదు. అసలు వెలుగును 128వ వంతుకు కోసి, దాన్ని మాత్రం అలాగే రానిస్తే ఏమవుతుంది? సింథటిక్ గుడ్డకు వేసే నల్ల అద్దకాల్లో చాలావి పరారుణాన్ని పీల్చుకోవు, గుడ్డ దాన్ని తిప్పికొడుతుంది. అదంతా ఎక్కువగా ఎరుపు చానెల్లో వచ్చి పడుతుంది. ఆకులు కూడా అంతే, పరారుణాన్ని బాగా తిప్పికొడతాయి, అందుకే వేపచెట్టు వడలింది.

ఇది ఈ ఒక్క కెమెరాకు పట్టిన రోగం కాదు. 2006లో లైకా ఎం8 స్టిల్ కెమెరాలోనూ నల్ల గుడ్డలు ఇలాగే రంగు మారితే, కొన్నవాళ్లకు కంపెనీయే రెండేసి ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది. కాబట్టి నా పదకొండు నల్లకోట్ల పాపం సగం ఆ చవక ఎన్డీది, సగం టెస్ట్ షాట్ తీసి నీడలోకి వెళ్లి చూసుకోని నాది.

మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన కుర్రతనంలో కెమెరా అసిస్టెంట్‌గా చేశాడు, చీకటి సంచిలో చేతులు పెట్టి రోల్ మార్చిన మనిషి. ఆయన లెక్కలన్నీ ఫిల్ము అడుగుల్లోనే: 35 ఎంఎం అయితే 400 అడుగులకు నాలుగున్నర నిమిషాలు, 16 అయితే పదకొండు. నా కథంతా విని, "ఫిల్ముకు నీ కంటికి కనబడేదే కనబడతదిరా అల్లుడా. నేను ఎన్ని ఎన్డీలు వేసినా ఏ కోటూ రంగు మారలే" అన్నాడు. నిజమే. కలర్ నెగెటివ్‌ను కంటికి కనబడే వెలుగుకు స్పందించేలాగే తయారుచేస్తారు, పరారుణం దాన్ని అంటదు. ఆ మాట అంతటితో ఆపొచ్చు కదా, "అందుకే అప్పుడు సినిమాలు తీసినం, ఇప్పుడు మీరు కంప్యూటర్లు తీస్తున్నరు" అని కూడా అన్నాడు. ఆ పదకొండు నిమిషాలకు ఎంత ఖర్చయ్యేదో నేను అడగలేదు.

మూడు రాత్రులు రంగులు దిద్దే రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చున్నాను. కోటు రంగును ఎంచుకుని దాన్ని నల్లగా చేద్దామంటే మొహాలు కూడా అదే రంగు పరిధిలోకి వస్తున్నాయి. మన ఒంటి రంగుకూ కాఫీ పొడి కోటుకూ మధ్య ఆ సాఫ్ట్‌వేర్‌కు తేడా తెలియలేదు. కోటు నలుపైతే చెంప నలుపు, చెంప బాగుపడితే కోటు మళ్లీ ఇటుక. ఒక్కొక్కరి కోటు చుట్టూ గీత గీసి (మాస్క్) విడిగా దిద్దుదామంటే పదకొండు మంది, పైగా చప్పట్లు కొడుతూ కదులుతున్నారు. విచిత్రం ఏమిటంటే, అదే కోట్లతో సారు ఆఫీసు గదిలో, ఎల్ఈడీ ట్యూబుల కింద తీసిన షాట్లన్నీ కాటుకలా నల్లగా ఉన్నాయి. తెల్ల ఎల్ఈడీలో పరారుణం దాదాపు ఉండదు, పైగా లోపల ఎన్డీ వేయలేదు.

చివరికి వీడియో మొత్తం బ్లాక్ అండ్ వైట్ చేశాను. ఎరుపు చానెల్ బాగా తగ్గించి, ఆకుపచ్చ, నీలం పెంచితే కోట్లు నల్లబడ్డాయి. మొహాలు కాస్త ముదురుగా వచ్చాయి, దాన్నెవరూ పట్టించుకోలేదు. సన్మానంలో వేసినప్పుడు జనం బాగుందన్నారు. ఎంతో ఆలోచించి చేశాననుకున్నారు. నేనూ అవునన్నట్టే తల ఊపాను.

తర్వాత పరారుణాన్ని ఆపే ఐఆర్ కట్ ఫిల్టర్ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి ఎండలో ఎన్డీ ఉంటే అది కూడా ఉండాల్సిందే, వేరియబుల్ అవతల పడేశాను. అద్దంలా మెరిసే రకం కాబట్టి ఎన్డీకి ముందు, అన్నిటికన్నా బయట పెడతాను. దీంతో గొడవ తొంభై పాళ్లు పోయింది. మిగిలిన పది పాళ్లు ఎక్కువ వెడల్పు చూపే వైడ్ లెన్స్‌లో ఉంది. 12 ఎంఎం పెడితే కాంతి పక్క నుంచి ఏటవాలుగా పడి, ఫ్రేము మూలల్లో ఆకుపచ్చ ఛాయ వస్తుంది. 25 ఎంఎంలో రాదు. అందుకే నేను ఎండలో వైడ్ తీయడం మానేశాను. ఇది నా స్టైల్ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

పైన బతుకమ్మ గురించి అంత పొగిడాను గానీ, అందులో ఎవరూ నల్ల చీర కట్టలేదన్న సంగతి ఈ మధ్యే తట్టింది. ఎన్డీ అక్కర్లేని సాయంత్రపు వెలుగు, పూల రంగులు. కెమెరాకు తెలిసిన పరీక్షే పెట్టి ఫస్ట్ క్లాస్ మార్కులేశానన్నమాట.

కొనొచ్చా అని అడిగితే, నేను పెళ్లిళ్లు దీంతో తీయను. దానికి వేరే మిర్రర్‌లెస్ కెమెరా ఉంది, సౌండ్ అందులోనే పట్టుకుంటాను. ఈ పాకెట్ నా సొంత సరదాకు, నెలకు రెండుమూడు సార్లు, చాలావరకు పొద్దున్నో సాయంత్రమో. బ్యాటరీలు మార్చే ఓపిక నాకుంది. ఫిల్టర్లు, లెన్సులు మామ పుణ్యాన కొంత, పెళ్లి సీజన్ పుణ్యాన కొంత. ఇవేవీ లేనివాళ్లకు, ముఖ్యంగా ఇదొక్కటే కెమెరాగా పెట్టుకుని బతకాల్సిన కుర్రాళ్లకు, నేను నోరు విప్పి కొనమని చెప్పలేను. అద్దెకు దొరికితే ఒక రోజు తీసుకుని, ఎండలో నిలబడి, మీ ఇంట్లో ఉన్న నల్ల బట్టలన్నీ దండెం మీద ఆరేసి ఎన్డీతో తీసి చూడండి. మా దండెం మీద అలా ఆరేస్తే మూడు చొక్కాల్లో రెండు రంగు మారాయి. మూడోది మా మామయ్యది, దాన్ని తిరిగి అడుగుతున్నాడు.