సెయింట్ హెలీనా: ఓడల రాక తగ్గిపోయాక విమానం దిగిన దీవి

దక్షిణ అట్లాంటిక్‌లో, ఆఫ్రికా తీరానికి సుమారు 1,900 కిలోమీటర్ల దూరాన, బ్రిటిష్ పాలనలో ఉన్న సెయింట్ హెలీనా దీవిని చూడదలచినవారు నెపోలియన్ కోసం మాత్రమే వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం. ఆయన ఇక్కడ బందీగా ఉండి 1821లో కన్నుమూసిన లాంగ్‌వుడ్ భవనాన్ని 1858 నుంచి ఫ్రాన్స్ ఎంతో శ్రద్ధగా కాపాడుతోంది. దాన్ని చూడటానికి ఒక పూట చాలు.

ఎక్కువ సమయం కేటాయించవలసినది రూపర్ట్స్ లోయకు. బానిస ఓడల నుంచి బ్రిటిష్ నౌకాదళం విడిపించిన వేలాది ఆఫ్రికన్లను 1840 తర్వాత ఇక్కడికి తెచ్చారు. వారిలో సుమారు 8,000 మంది ఆకలితో, రోగాలతో ప్రాణాలు విడిచి ఈ దీవి మట్టిలోనే కలిసిపోయారు. విమానాశ్రయ పనుల కోసం తవ్వినప్పుడు బయటపడిన 325 మంది అస్థికలను తిరిగి ఖననం చేయడానికి 2022 దాకా పట్టింది. లాంగ్‌వుడ్‌కు దక్కిన ఆదరణలో పదో వంతైనా ఈ లోయకు దక్కకపోవడం నన్ను బాధించింది.

దీవి ఆర్థిక చరిత్ర అంతా దారిన పోయేవారి మీద ఆధారపడిన చరిత్రే. 1659 నుంచి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్న కాలంలో, మన చెన్నపట్నం వంటి రేవుల నుంచి సరుకుతో ఇంగ్లండ్‌కు మళ్ళే ఓడలు మంచినీటికీ, తాజా ఆహారానికీ ఇక్కడ ఆగేవి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆ రాబడి పడిపోయింది. తర్వాత ఆదుకున్న, ఫ్లాక్స్ అనే మొక్క నుంచి తీసే నార పరిశ్రమ కూడా, ఆ నార దారాలు వాడే బ్రిటిష్ తపాలా శాఖ కృత్రిమ దారాలకు మారడంతో, 1966లో మూతపడింది. ఆ మొక్కలు మాత్రం కొండలను ఇంకా కప్పేసి ఉన్నాయి.

బస విషయానికి వస్తే, మొదటిసారి వెళ్ళేవారికి రాజధాని జేమ్స్‌టౌనే అనుకూలం. దుకాణాలు, మ్యూజియం, 699 మెట్ల జేకబ్స్ లాడర్ అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. ఎగువ ప్రాంతాల ఇళ్ళు చల్లగా, ప్రశాంతంగా ఉంటాయి కానీ అద్దె కారు లేనిదే అక్కడ గడవదు. చాలా సరుకులు ఓడలోనే రావాలి కనుక, అది ఆలస్యమైతే కూరగాయలు దొరకడం కష్టమవుతుంది. శాకాహారులు పప్పులూ పొడులూ వెంట తీసుకెళ్ళాలి. పౌండ్లలో నగదు కూడా దగ్గర ఉంచుకోవాలి.

సుమారు 28.5 కోట్ల పౌండ్లతో కట్టిన విమానాశ్రయానికి, గాలుల సమస్య వల్ల, 2017 అక్టోబరులో గానీ వాణిజ్య విమానాలు మొదలుకాలేదు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నుంచి ప్రధానంగా వారానికి ఒక్క విమానమే వస్తుంది, వాతావరణం బాగా లేకపోతే అదీ వాయిదా పడుతుంది. అందువల్ల తిరుగు ప్రయాణంలో జొహానెస్‌బర్గ్ నుంచి అదే రోజు మరో విమానానికి టికెట్ తీసుకోకూడదు. అక్కడ ఆగవలసి వస్తుంది కనుక, దక్షిణాఫ్రికా వీసా నిబంధనలను బయలుదేరే ముందే సరిచూసుకోవాలి.