గడియారం స్తంభం దగ్గర దొరికిన ఆడ్రీ హెప్‌బర్న్ జీవితచరిత్ర

నల్లగొండలో గడియారం స్తంభానికి కొద్ది దూరంలో పాత పుస్తకాలు పరిచి అమ్మే ఒక బండి దగ్గర, 200 రూపాయలు చెప్పిన ధరను 160కి దించుకొని, హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ జీవితచరిత్రను పోయిన నెలలో కొన్నాను. ఇంగ్లిషు పుస్తకం, గట్టి అట్ట. నున్నటి కాగితం మీద అచ్చయిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలు ఇన్నేళ్లయినా మసకబారలేదు. డిగ్రీ చదివిన వారికి నిఘంటువు అవసరం పెద్దగా పడదు.

సినీతార సేవామూర్తిగా మారిన కథ అని అట్ట వెనుక రాశారు. ఆ మాటకు లోపలి మొదటి అధ్యాయాలే ఒప్పుకోవు, పుస్తకంలో నాకు బాగా నచ్చినవీ అవే. 1929 మే 4న బ్రస్సెల్స్‌లో పుట్టిన ఈ అమ్మాయిని, నెదర్లాండ్స్ తటస్థ దేశం కనుక యుద్ధం అక్కడికి రాదన్న నమ్మకంతో తల్లి 1939లో ఆర్న్‌హెమ్‌కు తీసుకువెళ్లింది. మరుసటి మే నెలలోనే జర్మన్ సైన్యం ఆ దేశంలోకి దిగింది. 1944-45 చలికాలపు కరువులో తిండిగింజలు దొరక్క జనం టులిప్ గడ్డలు తిని బతికిన తీరును, రక్తహీనతతో, కాళ్ల వాపుతో పదిహేనేళ్ల పిల్ల మంచాన పడి ఉన్న తీరును రచయిత ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. విముక్తి తర్వాత సహాయ సామగ్రి అందినప్పుడు ఆమె ఓట్స్ జావలో విపరీతంగా చక్కెర వేసుకొని, డబ్బా పాలన్నీ ఒక్కసారే కలుపుకొని తాగి జబ్బుపడిందట. కరువులో ఎండిన కడుపుకు ముందు పలుచటి గంజే పోయాలని మా నాయనమ్మ చెప్పేది. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయితే అక్కడే ఒక పొరపాటు ఉంది. ఆ సహాయం చేసినది ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ అని ఒక చిత్రం కింద రాశారు. యునిసెఫ్ ఏర్పడినదే 1946 డిసెంబరులో. 1945లో డచ్ పిల్లలకు తిండి అందించినది అన్‌రా అనే సహాయ సంస్థ. అది మూతపడే వేళ మిగిలిన నిధులు యునిసెఫ్‌కు చేరాయి. ఈ సంగతి సరిగా చెప్పి ఉంటే, 1950లలోనే యునిసెఫ్ కోసం ఆమె రేడియోలో ఎందుకు మాట్లాడిందో పాఠకుడికి ఇంకా బాగా తెలిసేది.

సినిమాల భాగం గురించి ఎక్కువ చెప్పను. 1953 నాటి ‘రోమన్ హాలిడే’, దానికి వచ్చిన ఆస్కార్, ఆ పైన గౌనుల వర్ణన, మళ్లీ గౌనుల వర్ణన. పుస్తకంలో సగం దీనికే పోయింది.

చివరి ఐదేళ్లకు దక్కినవి అరవై పుటలే. 1988 మార్చిలో యునిసెఫ్ తరఫున ఇథియోపియాలోని మెకెలె అనాథాశ్రమానికి వెళ్లడం, టర్కీలో టీకాల కార్యక్రమం, అదే ఏడాది వెనెజులా, ఈక్వడార్‌లలో కొండ పల్లెలకు మొదటిసారి మంచినీళ్లు రావడం చూసి అబ్బురపడటం, 1989లో ఆ సంస్థ సద్భావనా రాయబారి కావడం, అన్నీ గబగబా దొర్లిపోతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మనుషులను నల్లగొండ జిల్లా మర్రిగూడలో చూసినవారు, పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పడిందని తెలిసినవారు, ఆ కొండ పల్లెల సంగతి రెండు పేరాలతో ముగిస్తే ఊరుకోలేరు. 1992 సెప్టెంబరు నాటి సోమాలియా యాత్ర మాత్రం నిండుగా ఉంది. అక్కడినుంచి వచ్చిన కొద్ది వారాలకే క్యాన్సర్ బయటపడింది. 1993 జనవరి 20న, 63 ఏళ్ల వయసులో, స్విట్జర్లాండ్‌లోని తన ఇంట్లో ఆమె కన్నుమూసింది.

నా ప్రతిలో 16 పుటల ఫారం (కలిపి కుట్టే పుటల కట్ట) ఒకటి కుట్టు ఊడి మాయమైంది. బంగ్లాదేశ్, వియత్నాం యాత్రలు అందులోనే పోయాయి. వెనక్కి తీసుకెళ్తే బండి ఆయన, ‘పాత పుస్తకం సార్, పేజీలు లెక్కబెట్టి కొనుక్కోవాలె’ అని నవ్వి 30 రూపాయలు తిరిగి ఇచ్చాడు. 130కి ఇది నష్టమేమీ కాదు. ఆ ఫారం ఉన్న ప్రతి దొరికితే మాత్రం 300 అయినా పెట్టి మళ్లీ కొంటాను.