పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌కి ఏడు వేలు పెట్టాను, ఇప్పటికీ దాని మీదే పని

ముందే చెప్పేస్తాను. పాత డెస్క్‌టాప్‌కి తక్కువ డబ్బుతో ప్రాణం పోయాలంటే మొదట ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్), తర్వాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె). ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు సంగతి ఆ తర్వాత. చాలామందికి అక్కడిదాకా వెళ్లే అవసరమే రాదు. 2023 వేసవిలో చేయించిన అప్‌గ్రేడ్ మీద ఇన్నాళ్లూ రోజంతా పని చేశాకే ఈ మాట అంటున్నాను.

హైదరాబాద్ నల్లకుంటలో ఇంటి దగ్గరే డీటీపీ, అంటే అచ్చుకి పేజీలు తయారు చేసే పని, చేస్తాను. శుభలేఖలు, సావనీర్లు, అప్పుడప్పుడు కవితా సంకలనాలు. పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత పద్ధతి అను తెలుగు ఫాంట్లు, ఫోటోషాప్, ప్రూఫులు పంపడానికి వాట్సాప్ వెబ్. మెషిన్ 2014లో అసెంబుల్ చేయించింది: ఇంటెల్ నాలుగో తరం ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. స్విచ్ వేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా డిస్క్ లైటు ఆరేది కాదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉండేది, డిస్క్ మాత్రం నూరు శాతం. జబ్బు ఎక్కడుందో ఆ ఒక్క పేజీలోనే తెలిసిపోతుంది. డబ్బు తీసే ముందు అది చూడండి.

ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే మన సీటీసీకి వెళ్లాను. "ఇంత పాతదానికి ఖర్చెందుకు మేడం, కొత్తది తీసుకోండి" అన్న మాట ఒకటికి రెండు షాపుల్లో విన్నాను. కొత్తదంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మారాలి. ఆ డబ్బు నా దగ్గర లేదు. ఉన్నా, నా పనికి అంత అక్కర్లేదు.

500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మూడు వేల లోపే వచ్చింది. హార్డ్ డిస్క్ ఒక పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు మరీ అంత నెమ్మది కాదు. విండోస్ లేచేటప్పుడు మాత్రం వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు కావాలి. తిరిగే ప్లేటు మీద హెడ్ ఒక్కోదాని కోసం అటూ ఇటూ కదలాలి. అక్కడే చతికిలపడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. ఒక్క జాగ్రత్త ఉంది: హెచ్81 బోర్డు మీద సాటా పోర్టులు, అంటే డిస్క్ కేబుల్ తగిలించేవి, అన్నీ ఒకే వేగం కావు. రెండు 6 గిగాబిట్లవి, మిగతావి 3 గిగాబిట్లవి. తప్పు పోర్టుకు తగిలిస్తే వేగం సగానికి పడిపోతుంది. బోర్డు మీద పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, టార్చి వేసి చూసుకోవాలి. కేబుల్ లేకుండా నేరుగా బోర్డు స్లాటులో గుచ్చే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేగం ఎక్కువే కానీ ఇంత పాత బోర్డులో దానికి స్లాటే ఉండదు, ఎవరేం చెప్పినా కొనకండి.

పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (నకలు) చేయించాను. అను, పేజ్‌మేకర్ మళ్లీ మొదటినుంచి ఎక్కించుకునే తలనొప్పి తప్పింది. హార్డ్ డిస్క్ తీసేయలేదు, బ్యాకప్‌కి అందులోనే ఉంచాను.

ర్యామ్ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. డీడీఆర్3 కొత్తది దొరకడం తక్కువ, సెకండ్‌హ్యాండే దిక్కు. ఒక షాపులో మరీ చవగ్గా 8 జీబీ స్టిక్ చూపించారు. బోర్డు వెంట తీసుకెళ్లాను కాబట్టి కౌంటర్ మీదే పెట్టించి చూశాను. డిస్‌ప్లే రాలేదు. స్లాటు తుడిచారు, స్టిక్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దారు, అయినా రాలేదు. చివరికి తేలిందేమిటంటే అది ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే రకం. ఇలాంటివి మార్కెట్‌లో చాలా ఉన్నాయి, అందుకే అంత చవక. ఇంటెల్ బోర్డు ఉన్నవాళ్లు ఆ ప్రశ్న అడిగి, డిస్‌ప్లే చూశాకే డబ్బివ్వాలి. ఇంకో చోట సరైనది ఏడు వందలకు దొరికింది.

ఇక అందరూ వదిలేసేది ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన దాని మీద 450 వాట్స్ అని స్టిక్కర్ ఉంది గానీ చేత్తో ఎత్తితే బరువే లేదు. నా ప్రాసెసర్ రేటింగ్ 84 వాట్స్, గ్రాఫిక్స్ కార్డు లేదు. అయినా ఏప్రిల్, మే వచ్చాయంటే మధ్యాహ్నం పూట మెషిన్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. లేఅవుట్ మధ్యలో ఉండగా అలా పోతే ఎంత టెన్షనో డీటీపీ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న ఎస్‌ఎంపీఎస్ రెండు వేల ఆరు వందలు పెట్టి కొన్నాను. రీస్టార్ట్‌లు ఆ రోజుతో ఆగాయి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునో డిస్క్‌నో తీసుకుపోగలదు. మూడు వేల ఎస్‌ఎస్‌డీని దాని దయకు వదలడం నాకిష్టం లేదు. మన దగ్గర తొలకరి గాలివానకు కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో తెలిసిందే, అందుకే యూపీఎస్ బ్యాటరీ కూడా ఆ తర్వాతి ఏడాది మార్పించాను.

ప్రాసెసర్ మీద ఫ్యాన్ తీస్తే, వేడిని లాగడానికి మధ్యలో రాసే పేస్టు సుద్దలా ఎండిపోయి రాలింది. తుడిచి కొత్తది రాయించాను. తేదీ, టైము నిలబెట్టే సీమోస్ బ్యాటరీ, సీఆర్2032, అదీ మార్చారు. అది చచ్చిపోతే తేదీ వెనక్కి వెళ్లిపోయి బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకోవు, జనం నెట్ పోయిందనుకుంటారు.

ఇప్పుడెలా ఉందంటే, స్విచ్ వేశాక అర నిమిషంలో పని మొదలుపెట్టగలను. మూడొందల పేజీల పుస్తకం, ఫోటోషాప్, పది ట్యాబులు కలిపినా తడబడదు. చవక ఎస్‌ఎస్‌డీ కాబట్టి ఫోటోల ఫోల్డర్లు పెద్దవి కాపీ చేస్తే కాసేపటికి వేగం పడిపోతుంది. యూట్యూబ్‌లో 4కే పెడితే ఫ్యాన్ మోత మొదలవుతుంది. ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కొత్త వీడియో ఫార్మాట్లను సొంతంగా విప్పే శక్తి లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 1080లో చూస్తే ఏ ఇబ్బందీ లేదు. ఇదే తరంలో పెద్ద ప్రాసెసర్ ఐ7-4770 వేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు పనికొస్తుందేమో గానీ, నా పనికి ఆ నాలుగైదు వేలు దండగ.

తీరని లోటు విండోస్. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు అని మైక్రోసాఫ్ట్ చెప్పింది, ఆ పొడిగింపు తీసుకున్నాను. యూనికోడ్‌లోనే టైప్ చేసేవాళ్లయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించుకుని హాయిగా ఉండొచ్చు. అను, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లకు ఆ దారి లేదు. గడువు దాటాక దీనికి నెట్ కేబుల్ పీకేసి లేఅవుట్‌కే ఉంచుతాను. మెయిల్, వాట్సాప్ కోసం ఆఫీసుల నుంచి బయటికొచ్చిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ఒకటి చూస్తున్నాను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి, ర్యామ్ లోపలే ఉన్నది బేరం చేయడమే మేలు.