ఇంటి మగ్గమా, మాంచెస్టర్ మిల్లా, న్యూ లానార్కా: నేత కుటుంబానికి ఏది మేలు?

1800 ప్రాంతంలో బ్రిటన్‌లో పత్తి, నూలు మీద బతికే కుటుంబానికి మూడు దారులుండేవి. ఇంట్లో మగ్గం పెట్టుకుని నేయడం, మాంచెస్టర్ లాంటి ఊళ్లో ఆవిరి మిల్లుకు పోవడం, స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున న్యూ లానార్క్ మిల్లులో చేరడం. యంత్రాలు దేశానికి ఎంత సంపద తెచ్చాయన్నది వేరే లెక్క. ఆ కుటుంబం ఎక్కడ బాగా బతికేదన్నదే నా ప్రశ్న.

మిల్లులు రావడం వెనుక మన బట్టల ప్రమేయం కూడా ఉంది. మచిలీపట్నం, గుజరాత్, బెంగాల్ అద్దకాలకు అక్కడి జనం ఎగబడితే, ఉన్ని, పట్టు నేతగాళ్ల గోలకు తలొగ్గి పార్లమెంటు 1700లో, మళ్లీ 1721లో వాటిపై ఆంక్షలు పెట్టింది. గిరాకీ మాత్రం తగ్గలేదు. కూలి ఖరీదు, బొగ్గు చవక అయిన దేశంలో ఆ గిరాకీని యంత్రంతో తీర్చుకుంటే లాభమని తేలింది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే వ్యాపారి ఇంగ్లండ్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే నూలు మిల్లు పెట్టాడు.

విచిత్రమేమిటంటే, మొదట్లో దానివల్ల బాగుపడింది చేనేతవాళ్లే. నూలు చవగ్గా, కావలసినంత దొరికింది, నేసేవాళ్లే చాలలేదు. మాంచెస్టర్ దగ్గరి బోల్టన్‌లో నేతగాడికి 1795లో వారానికి 33 షిల్లింగులు (పౌనుకు ఇరవై) ముట్టేవి. మగ్గం ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో అతని ఇష్టం. సోమవారం పనిలోకి దిగనివాళ్లు చాలామంది. కానీ నూలు ఇచ్చేదీ, గుడ్డ తీసుకుని కూలి కట్టేదీ షావుకారే. రేటు అతను చెప్పిందే. 1815 నాటికి ఆ 33 కాస్తా 14 అయింది, 1830 ప్రాంతానికి ఐదున్నర. దీనికి మరమగ్గాలనే తిట్టుకుంటాం గానీ, 1813లో దేశం మొత్తానికి అవి 2,400 మాత్రమే. లక్షకు చేరింది 1833లో. అంటే సగానికి పైగా కూలి పోయింది యంత్రం పూర్తిగా రాకముందే! ఎవరైనా నేర్చుకోగల పని కావడంతో మగ్గం పట్టేవాళ్లు పెరిగిపోయారు, షావుకారుతో బేరమాడే బలం ఎవరికీ లేకపోయింది. కనీస కూలి చట్టం చేయమని 1808లో అడిగితే పార్లమెంటు తోసిపుచ్చింది.

మరి మిల్లు? వారం వారం డబ్బు చేతికొస్తుంది. ఆడవాళ్లకూ విడిగా కూలి దక్కుతుంది. 1830లో ఆకలితో ఉన్న మగ్గంవాడి పక్కన మిల్లు కూలీ మెరుగే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మాంచెస్టర్ దగ్గరి టిల్డెస్లీలో 1823లో నూలు వడికేవాళ్లు చెప్పిన జరిమానాల పట్టిక చూడండి: కిటికీ తెరిస్తే షిల్లింగు, పనిలో మురికిగా కనిపిస్తే షిల్లింగు, కడుక్కుంటూ కనిపించినా షిల్లింగు, ఈల వేస్తే షిల్లింగు. పోగులు తెగకూడదని లోపల వేడి, తేమ. నడుస్తున్న యంత్రం కిందికి దూరి పత్తి ఏరేది చిన్న పిల్లలు. 1842లో కూలీల ఆరోగ్య పరిస్థితులపై ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి ఇచ్చిన నివేదిక ప్రకారం మాంచెస్టర్ కూలీ కుటుంబాల్లో సగటు మరణ వయసు 17. పల్లె ప్రాంతమైన రట్లాండ్‌లో అదే వర్గానికి 38. పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టే సగటు అంత కిందికి పోయింది. ఆ ఒక్క అంకె ముందు ఏ కూలి రేటూ నాకు పెద్దదిగా కనిపించదు.

న్యూ లానార్క్‌లోనూ అవే యంత్రాలు, అదే పత్తి. 1800లో నిర్వహణ చేపట్టిన రాబర్ట్ ఓవెన్ పదేళ్లలోపు పిల్లల్ని పనిలోకి తీసుకోవడం మానేశాడు, బడి పెట్టాడు. సరుకుల దుకాణంలో కొన్న ధరకు కాస్త పైన అమ్మించాడు. అమెరికా పత్తి ఆగిపోయి మిల్లు మూతపడిన నాలుగు నెలలూ పూర్తి కూలి ఇచ్చాడు. 1816కల్లా భోజన విరామాలు పోను పని పదకొండు గంటల లోపే. అయినా లాభాలొచ్చాయి. ఇబ్బంది కూడా ఉంది. ప్రతి కూలీ దగ్గరా నాలుగు రంగుల చెక్క ముక్క వేలాడేది: నలుపు, నీలం, పసుపు, తెలుపు. నిన్నటి నడత ఎలాంటిదో ఆ రంగు ఇవాళ అందరికీ చెబుతుంది. మంచి యజమానే అయినా, బతుకంతా అతని కళ్ల ముందే.

అయినా ఆ కుటుంబానికి నేను చెప్పేది న్యూ లానార్కే. గంటలు తగ్గిస్తే మిల్లులు మునుగుతాయన్న యజమానుల వాదనకు అది బతికున్న జవాబు. మిల్లుల్లో పిల్లల పని గంటలకు హద్దు పెట్టాలని ఓవెన్ పట్టుబట్టడంతో మొదలైన ప్రయత్నం 1819లో చట్టమైంది, కానీ అమలు చేసే దిక్కు లేదు. 1833 చట్టం నలుగురు తనిఖీ అధికారుల్ని పెట్టింది. 1847లో ఆడవాళ్లకు, పిల్లలకు పది గంటల పరిమితి వచ్చింది. దయగల యజమాని ఊరు వదిలిపోతే అతనిచ్చినవీ పోవచ్చు. చట్టం అలా పోదు.

చేనేతవాళ్లకు అదీ దక్కలేదు. వాళ్ల కష్టాలపై వేసిన కమిషన్ 1841లో చివరికి తేల్చింది ఒక్కటే: ఈ పని వదిలి పొండి, మీ పిల్లల్ని మాత్రం ఇందులో పెట్టకండి.