కిస్ ప్రోటోకాలా, ఏజీడబ్ల్యూనా? ప్యాకెట్ రేడియో మెసేజింగ్ యాప్‌కి ఏది నయం
ప్యాకెట్ రేడియో అంటే డేటాని ముక్కలుగా రేడియోలో పంపడం. ఆ పని చేసే పాత మెసేజింగ్ యాప్‌ని రీఫ్యాక్టర్ చేసేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే, డైర్ వుల్ఫ్‌తో (సౌండ్ కార్డునే రేడియో మోడెమ్‌గా వాడుకునే సాఫ్ట్‌వేర్) కిస్ పోర్ట్ 8001లో మాట్లాడాలా, ఏజీడబ్ల్యూ పోర్ట్ 8000లోనా అని. ఈ రెండూ యాప్‌కీ మోడెమ్‌కీ మధ్య నడిచే ప్రోటోకాల్స్.

కిస్ చూడ్డానికి బుల్లిది. ఫ్రేమ్‌కి అటూ ఇటూ హెక్స్ సీ0 బైట్, డేటా మధ్యలో అదే బైట్ తగిలితే డీబీ, డీసీ అనే రెండు బైట్లుగా మార్చి పంపాలి, అంతే అనుకుంటాం, కానీ ఆ తర్వాత ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో అసలు ప్రోటోకాల్) మొత్తం మన నెత్తినే పడుతుంది, కాల్‌సైన్‌లో (స్టేషన్ గుర్తింపు పేరు) ప్రతి అక్షరాన్నీ ఒక బిట్ ఎడమకి జరపడం, సీక్వెన్స్ నంబర్లు, టైమర్లు, జవాబు రాకపోతే మళ్ళీ పంపడం. టైమర్ మరీ తక్కువ పెట్టామా, 1200 బాడ్ ఛానెల్ నిండా రీట్రైలే.

ఏజీడబ్ల్యూ అయితే 36 బైట్ల హెడర్ కట్టి పంపితే చాలు, కనెక్షన్ గోలంతా డైర్ వుల్ఫే చూస్కుంటుంది. ఆ హెడర్‌లో పెద్ద డీ అంటే డేటా, చిన్న డీ అంటే డిస్‌కనెక్ట్ (ఈ ఐడియా ఎవరికొచ్చిందో మహానుభావుడు!).

ఏపీఆర్ఎస్ (లొకేషన్, చిన్న మెసేజ్‌లు పంపే హ్యామ్ రేడియో వ్యవస్థ) మెసేజ్‌లే అయితే ఎలాగూ గరిష్ఠంగా 67 అక్షరాలు, కనెక్షన్ ఉండదు, కిస్ హాయిగా సరిపోతుంది, పైగా హార్డ్‌వేర్ టీఎన్సీలు (విడిగా దొరికే ప్యాకెట్ రేడియో మోడెమ్‌లు) ఎక్కువగా మాట్లాడేది దాన్నే. బీబీఎస్ (రేడియోలో మెయిల్ బాక్స్ లాంటి సర్వర్) మెయిల్ లాంటిదైతే మాత్రం నా ఓటు ఏజీడబ్ల్యూకే.