మడత చాకు కొంటున్నారా? పదును తర్వాత, ముందు లాకు చూడండి

కుడిచేతి చూపుడువేలికి నాలుగు కుట్లు. ఆ వేలు గాల్లో పెట్టుకుని మిగతా వేళ్లతో కొడుతున్న పోస్టు ఇది, అక్షరాలు తప్పితే సర్దుకోండి. గండికోట టెంట్ల సీజను మొదలైంది. మన కడప, ప్రొద్దుటూరు పిల్లోళ్లు అందరూ ఇప్పుడు ఆన్‌లైన్‌లో మడత చాకులే వెతుకుతున్నారు. నేను కొన్న రకం మాత్రం కొనకండి.

నేను పెట్టింది 649 రూపాయలు. 2,499 అని వేసి దాని మీద గీత కొట్టారు చూడండి, ఆ గీత నన్ను ముంచింది. నల్ల బ్లేడు, మూడంగుళాల పొడవు, పిడి మీద మిలిటరీ మచ్చలు. '440 స్టీలు, లైనర్ లాక్' అని వివరాల్లో రాశారు. లాక్ అంటే తెరిచిన బ్లేడు తనంతట తాను మడుచుకోకుండా ఆపేది. రేటింగు చూస్తే నాలుగు దాటింది. డబ్బా విప్పి న్యూస్‌పేపరు కోస్తే సర్రున తెగింది. "వంటింట్లో ఇన్ని కత్తులుండగా ఇదెందుకు?" అంది మా ఆవిడ. నేను వినిపించుకోకుండా బీరువా మీద పెట్టేశా. వాపసు గడువు ఏడు రోజులే. దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి నెల దాటింది.

గండికోటలో పెన్న లోయ అంచుకు బాగా ఇవతలే టెంటు వేసుకున్నాం. అంతా రాతి నేల కదా, కొడుతుంటే ఒక మేకు వంగిపోయింది. ఎండిన కంప కొమ్మ ఒకటి తెచ్చి మేకులాగా చెక్కుతూ కూర్చున్నా. చెక్కినంతసేపూ బాగానే ఉంది. తాడు దూర్చడానికి పైన చిన్న బెజ్జం పెడదామని మొనను కొయ్యకు ఆనించి, మెలితిప్పుతూ నొక్కా. టక్‌మని చిన్న చప్పుడు. బ్లేడు వచ్చి పిడిలోకి మడుచుకుంది, మధ్యలో నా వేలు. నొప్పి కూడా వెంటనే తెలియలేదు, కొమ్మ మీద చుక్కలు పడుతుంటే అప్పుడు చూసుకున్నా. తువ్వాలు చుట్టుకుని, చెయ్యి పైకెత్తి పట్టుకుని, తమ్ముడి బండి వెనక కూర్చుని చీకట్లో జమ్మలమడుగు దాకా వచ్చా. డాక్టరు కుట్లేసి, టీటీ సూది పొడిచి, "ఎవురి మీద తీసినావప్పా కత్తి?" అన్నాడు. మన జిల్లాలో ఆ ప్రశ్న రాకుండా ఎట్లుంటుంది! "టెంటు మేకు మీద సార్" అన్నా.

రెండు రోజులాగి ఆ చాకును మా వీధి చివర సానపట్టే మామకు చూపించా. సన్న స్క్రూడ్రైవరుతో పిడి విప్పాడు. లైనర్ లాక్ అంటే పిడి లోపల ఉండే ఒక రేకు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి, బ్లేడు మడమ (పిడిలో ఉండే బ్లేడు మొదలు) వెనకాల అడ్డంగా నిలబడాలి. మడమను కొంచెం వాలుగా అరగదీస్తేనే రేకు అక్కడ బిగిసి కూర్చుంటుంది. నా దాంట్లో మడమకు వాలు లేదు, పైగా నల్ల పెయింటు. రేకేమో ఒక మూల గోరంత ఆనింది, అంతే. మెలితిప్పగానే జారిపోక ఏం చేస్తుంది? "ఇది లాకు కాదు నాయనా, లాకు బొమ్మ" అన్నాడు మామ. ఆకురాయి తీసి బ్లేడు మీద ఒక్క గీత గీశాడు. గట్టిపడిన స్టీలు మీద ఆకురాయి జారాలి. ఇక్కడ కసుక్కున దిగింది.

ఆ '440' కథ కూడా చెప్తా. స్టీలులో కార్బన్ ఎక్కువుంటే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. 440లో ముఖ్యంగా ఏ, బీ, సీ అని మూడు రకాలు. ఏ రకంలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సీ రకంలో 0.95 నుంచి 1.20 శాతం. అక్షరం లేకుండా ఉట్టి 440 అని గుద్దారంటే ఏదీ చెప్పనట్టే. కొన్ని చాకుల మీద 3సీఆర్13, 8సీఆర్13ఎంఓవీ అని స్టీలు రకం పేరు ఉంటుంది. మొదటి అంకె కార్బన్ సుమారుగా ఎంతో చెబుతుంది, మూడు అంటే 0.3 శాతం, ఎనిమిది అంటే 0.8. మూడు అంకె రకం తొందరగా తుప్పు పట్టదు గానీ పదును నాలుగు తాళ్లు కోసేసరికి పోతుంది. అయినా మెత్తటి స్టీలుతో మనిషికి పోయేదేం లేదు, మళ్లీ సాన పట్టించుకుంటాం. వేలు తీసేది లాకు.

అందుకే నన్నడిగితే ఇట్లాంటి లాకు కంటే అసలు లాకే లేనిది నయం. స్విస్ విక్టోరినాక్స్ చాకుల్లో ఆ 58, 91 మిల్లీమీటర్ల సైజులకు లాకుండదు, స్ప్రింగు బిగింపే. మడుచుకుంటుందని తెలుసు కాబట్టి మనమే మొనతో పొడవకుండా, వెనక్కి నొక్కకుండా జాగ్రత్తగా వాడతాం. ఉత్తుత్తి లాకును నమ్మి పూర్తి బలం పెడతాం, నాకు జరిగింది అదే. లాకు కావాల్సిందే అంటే ఫ్రాన్సు ఒపినెల్ ఉంది. మెడ దగ్గర ఇనుప ఉంగరం తిప్పితే బిగుస్తుంది, 1955 నుంచీ అదే పద్ధతి. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, మనలాంటివాళ్లకు ఎక్కువే. పిడి చెక్కది, తడిస్తే ఉబ్బి తెరవడానికి మొండికేస్తుంది, అది భరించాలి.

ఏది కొన్నా వచ్చిన రోజే చూసేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. బ్లేడు తెరిచి, సెల్లు లైటు వేసి, రేకు మడమకు ఎంత ఆనిందో చూడండి. వేళ్లు బ్లేడు మడిచే దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వీపును చెక్కకు ఆనించి మెల్లగా నొక్కండి, తర్వాత అటూ ఇటూ ఊపండి. కదిలినా, టక్‌మన్నా అదే రోజు వాపసు పెట్టేయండి. రేటింగుల్ని నమ్మి నేను చెడ్డాను. కూర్చుని ఒక్కొక్కటీ చదివితే అన్నీ 'ప్యాకింగ్ సూపర్', 'చాలా షార్పు' అని డెలివరీ రోజు రాసినవే. నెల వాడి రాసింది ఒక్కటీ లేదు.

అమ్మినవాళ్లు 'వాడిన వస్తువు, గడువు దాటింది' అని ఒక ముక్క పంపి ఊరుకున్నారు. డబ్బా మీద తయారీదారు పేరు లేదు, దిగుమతి చేసినవాళ్ల చిరునామా లేదు. ఏ దేశంలో తయారైందో అమ్మకం పేజీలోనే చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి, అక్కడా ఖాళీయే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

ఇంకొక్కటి. ఆయుధాల నిబంధనల్లో లెక్కకొచ్చేది 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడు. మన మూడంగుళాల చాకు అందులోకి రాదు. కానీ లంకమల లాంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎర్రచందనం కోసం అంత నిఘా ఉండే చోట 'పండ్లు కోసుకోడానికి సార్' అంటే ఎవరు వింటారు? ఇంట్లో పెట్టి పోండి.

ఎవరైనా కొనే ముందు నన్ను అడగాలనుకుంటే లింకులు పంపొద్దు. తెరిచిన చాకును వెనక నుంచి దగ్గరగా తీసిన ఫోటో పంపండి, రేకూ మడమా కలిసే చోటు కనపడేలా.